రంగులా, మట్టా? అరవై దాటాక చేతికి ఏ పని పట్టుకోవాలి

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ముప్ఫై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఇంటి అరుగు మీద ఒక పక్క నీటి రంగుల బొమ్మలు, ఇంకో పక్క ఆరుతున్న మట్టి గిన్నెలు ఉంటాయి. చూసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే. "నాకూ ఏదో ఒకటి చేయాలనుంది. బొమ్మలెయ్యనా, కుండలు చెయ్యనా?" బరంపురం నుంచి మా ఆడపడుచు అడిగింది. గుణుపురంలో ఉంటున్న మా పాత హెడ్మాస్టారు అడిగారు. రాయగడలో మా తమ్ముడైతే బ్యాంకు ఉద్యోగం అయిపోయిన వారానికే ఫోన్ చేశాడు. ముగ్గురికీ నేను ఒకే జవాబు చెప్పలేదు. ఎవరికి ఏది చెప్పానో, ఎందుకు చెప్పానో వివరంగా రాస్తే ఇంకొందరికి పనికొస్తుందనిపించింది.

ముందు ఒక మాట. "ఈ వయసులో చెయ్యి తిరుగుతుందా" అన్న బెంగ అందరికీ ఉంటుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మల మీద గట్టిగా దృష్టి పెట్టింది అరవై దాటాకే. ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది, అప్పటికి ఆయనకు దాదాపు అరవై తొమ్మిదేళ్లు. ఆయన ఠాగూర్ కదా అంటారేమో. మధ్యప్రదేశ్‌లోని ఉమరియా జిల్లాలో జోధయ్యా బాయి బైగా అనే ఆవిడ కూలి పనులు చేసుకుని బతికిన మనిషి. సుమారు డెబ్బై ఏళ్లప్పుడు మొదటిసారి బ్రష్ పట్టుకున్నారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. మనకు పద్మశ్రీలు రానక్కర్లేదు. చెయ్యి తిరుగుతుందని తెలిస్తే చాలు.

మీ రోజు ఎవరి చేతిలో ఉంది?

నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. టాలెంట్ ఉందా, డబ్బుందా అన్నవి దీని తర్వాతే.

నేను మొదలుపెట్టింది రంగులతో. అదేమీ ఆలోచించి చేసిన ఎంపిక కాదు. అప్పటికి మా అత్తగారు మంచం పట్టి ఉన్నారు. మందులు, జావ, పక్క మార్చడం, మధ్యలో ఆవిడకు కబుర్లు చెప్పడం. ఇలా రెండేళ్లు గడిచాయి. నాకంటూ దొరికేది ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ఆవిడ మంచం పక్కనే చిన్న స్టూలు వేసుకుని, స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టుకుని బొమ్మలు వేసేదాన్ని. పిలిస్తే లేచి వెళ్లేదాన్ని. తిరిగొచ్చేసరికి పళ్లెంలో రంగు ఎండిపోయి ఉండేది. దాని మీద తడి బ్రష్ పెట్టి నాలుగుసార్లు తిప్పితే మళ్లీ కరిగేది. నీటి రంగుల్లో ఉన్న మంచితనం అది. సగం వేసిన ఆకాశాన్ని అలా వదిలేసి వెళ్తే తడి ఆగిన చోట గీత పడుతుంది, కాదనను. కానీ ఆ గీత మబ్బు అంచు కింద కలిసిపోతుంది. బొమ్మ మొత్తం పోదు.

మట్టి అలా కాదు. ఒక కప్పు చేశారనుకోండి. దానికి పట్టుకునే చెవి అతికించాలంటే కప్పు సగం ఆరిన దశలో ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోరుతో గీస్తే గీత పడాలి. అంతకన్నా తడిగా ఉంటే చెవి బరువుకి కప్పు వంకరపోతుంది. అంతకన్నా ఆరిపోతే చెవి అతుక్కున్నట్టే ఉండి, ఆరాక ఊడి చేతిలోకి వస్తుంది. మే నెలలో మా ఊళ్లో ఆ దశ పొద్దున్న మొదలై మధ్యాహ్నానికే దాటిపోతుంది. శ్రావణంలో మూడు రోజులు పట్టినా పడుతుంది. తడి గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి కొంత ఆపవచ్చు. కానీ ఆసుపత్రి పని పడి నాలుగు రోజులు ఊరెళ్తే మీ కప్పు మీ కోసం కూర్చోదు.

అందుకే, ఇంట్లో పెద్దవాళ్లనో జబ్బు మనిషినో చూసుకుంటున్నవాళ్లకి, మనవల్ని బడికి దింపి తెచ్చే పని ఉన్నవాళ్లకి నేను రంగులే చెప్తాను. వరసగా మూడు గంటలు మీవి అని చెప్పుకోగలిగితే అప్పుడు మట్టి సంగతి ఆలోచించండి. మా అత్తగారు పోయిన ఆరు నెలలకు గానీ నేను కుమ్మరి వీధి వైపు అడుగు వేయలేదు.

మట్టి వైపు కూడా ఒక న్యాయమైన మాట చెప్పాలి. కాల్చే వరకూ మట్టిలో ఏదీ వృథా కాదు. విరిగిన కప్పుని పూర్తిగా ఎండనిచ్చి బకెట్లో నీళ్లు పోసి నానబెడితే మళ్లీ మట్టే. కాగితం మీద పాడైన బొమ్మకి ఆ అదృష్టం లేదు, వెనక వైపు వాడుకోవడమే.

కళ్లు

బొమ్మలు వేయాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు కళ్లు చూపించుకోండి. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే నా అనుభవం.

మొదటి ఏడాది మహేంద్రతనయ నది ఒడ్డున కనబడే కొండల్ని చాలాసార్లు వేశాను. ఎన్నిసార్లు వేసినా ఆ కొండలు ముదురు ఆకుపచ్చగా, కాస్త మట్టి రంగులో వచ్చేవి. నాకు కనబడినట్టే వేశానని నా నమ్మకం. తర్వాత కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు ఎడమ కన్ను మూసి చూస్తే మా వంటింటి గోడ తెల్లగా ఉంది. కుడి కన్ను మూసి చూస్తే అదే గోడ పాలల్లో టీ డికాషన్ చుక్క కలిపినట్టుంది. నేను నలుపు అనుకుని కట్టుకుంటున్న చీర ముదురు నీలం. ఆ వారం నది ఒడ్డుకి వెళ్లి చూస్తే దూరపు కొండలు నీలంగా, ఊదా కలిసిన నీలంగా ఉన్నాయి. అక్కడే నిలబడి ఏడ్చాను.

శుక్లం ముదిరేకొద్దీ కంటి కటకం పసుపుపచ్చగా, తర్వాత గోధుమ రంగులోకి మారుతుంది. నీలాలు మసకబారతాయి. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే కూడా ఈ బాధ పడ్డవాడే. ఆయన 1923లో కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. కాబట్టి రంగులు సరిగ్గా రావడం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు కంటి డాక్టర్ని కలవండి. ఆపరేషన్ ఆర్నెల్లలో ఉందనుకుంటే అప్పటిదాకా పెన్సిల్ పని చేసుకోండి. వెలుగునీడలు నేర్చుకోవడానికి రంగు అక్కర్లేదు.

మట్టికి చూపుతో ఇంత పేచీ లేదు. అంచు సమంగా ఉందో లేదో వేలికే తెలుస్తుంది. నాకు మట్టి నేర్పిన పెద్దాయన పని చేసేటప్పుడు చాలాసేపు కుండ వైపు చూడనే చూడరు, వీధిలో వెళ్లేవాళ్లతో మాట్లాడుతూ ఉంటారు.

మోకాళ్లు, మణికట్లు, నడుము

కుమ్మరి సారె చూసి చాలామంది ముచ్చటపడతారు. పాత పద్ధతి సారెకి నేల మీద గొంతుక్కూర్చోవాలి, కర్రతో చక్రాన్ని తిప్పాలి, ముందుకు వంగి పని చేయాలి. అరవై దాటిన మోకాళ్లకి అది అయ్యే పని కాదు. నేను ప్రయత్నించాను, లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. కరెంటు సారె స్టూలు ఎత్తులో ఉంటుంది, దాని మీద కూర్చుని చేయొచ్చు. కానీ తిరిగే మట్టిని నడిమధ్యకు తేవడానికి మోచేతులు తొడలకి ఆనించి ఒంటి బరువంతా వేయాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు, భుజం పట్టేసినవాళ్లు దీనికి డాక్టర్ని అడక్కుండా దిగొద్దు.

సారె లేకపోతే మట్టి పని లేదనుకోవడం పొరపాటు. చేత్తో చేసే పద్ధతులు వేరే ఉన్నాయి. నిమ్మకాయంత ముద్ద తీసుకుని మధ్యలో బొటనవేలు దింపి, తిప్పుకుంటూ నొక్కుకుంటూ పోతే గిన్నె అవుతుంది. మట్టిని తాడులా పేని చుట్ట మీద చుట్ట పేర్చి అతికించుకుంటూ వస్తే ఎంత పెద్ద కుండైనా అవుతుంది. చపాతీ కర్రతో వత్తి పలకలు కోసి అతికిస్తే పెట్టెలు, పళ్లేలు. ఇవన్నీ టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చుని చేసేవే. మన వయసు వాళ్లు వీటితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

వేళ్ల కీళ్లు వాచేవాళ్లకి మట్టి పిసకడం కష్టం. ఇంకొంచెం నీళ్లు కలిపి మెత్తగా చేసుకుంటే కొంత నయం. చలికాలం గోరువెచ్చని నీళ్లు వాడుకోండి. షుగర్ ఉన్నవాళ్లు వేళ్లకి చిన్న కోత ఉన్నా ఆ రోజు మట్టి జోలికి వెళ్లకపోవడం మంచిది. చెరువు మట్టిలో గాజు పెంకులు, ముళ్లు ఉంటాయి. జల్లించనిదే చెయ్యి పెట్టొద్దు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ఎండిన మట్టి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. అందులో సిలికా ఉంటుంది. పని అయ్యాక చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడవండి. ఎండిన గిన్నెను గరుకు కాగితంతో రుద్దాలంటే మాస్క్ కట్టుకోండి. ఆయాసం ఉన్నవాళ్లకి రంగులే మంచివి. అందులోనూ నీటి రంగులు, యాక్రిలిక్ రంగులే. ఆయిల్ రంగులకి టర్పెంటైన్ వాడాలి, మూసిన గదిలో ఆ వాసన తలనొప్పి తెస్తుంది.

చేతులు వణికేవాళ్ల మాట. సన్న బ్రష్‌తో గీత గీయాలంటే వణుకు కనబడుతుంది. పదో నంబరు గుండ్రటి బ్రష్ తీసుకుని భుజం నుంచి చెయ్యి కదిపితే అంతగా కనబడదు. అయినా మనసుకి గుచ్చుకుంటుంది. మట్టిని నొక్కేటప్పుడు రెండు చేతులూ ఒకదానికొకటి ఆసరా, మట్టి వాటి రెండింటికీ ఆసరా. మా హెడ్మాస్టారికి చేతులు వణుకుతాయి. సంతకం చేయడానికే ఇబ్బంది పడే మనిషి. ఆయనకి నేను రంగులు చెప్పలేదు. బొటనవేలి గిన్నెలు చేయమన్నాను. మొదటి గిన్నె ఫోటో పంపించారు. అంచు ఎగుడుదిగుడుగా, గోడ మందంగా, అరచేతిలో చక్కగా ఒదిగే గిన్నె. కింద రాశారు, "గీత గీస్తే వణికే చెయ్యి, దీన్ని పట్టుకుంటే వణకలేదమ్మా."

ఖర్చు

రంగులకి మొదట్లో వెయ్యి, పదిహేను వందలు చాలు. క్యామ్లిన్ నీటి రంగుల ట్యూబులు ఒక పెట్టె, ఆరు, పది నంబర్ల గుండ్రటి బ్రష్‌లు రెండు, 300 జీఎస్ఎం మందం కాగితం. చవక బ్రష్‌తో సర్దుకోవచ్చు గానీ చవక కాగితంతో కుదరదు. డ్రాయింగ్ పుస్తకం కాగితం మీద నీళ్లు పడగానే ఉబ్బి అలలు తేలుతుంది, రంగంతా ఆ గుంటల్లో మడుగు కడుతుంది. తనకు చేతకాలేదనుకుని మానేసినవాళ్లలో సగం మంది నిజానికి కాగితం వల్లే మానేసి ఉంటారు. పెట్టెలో పన్నెండు రంగులున్నా ఎరుపు, పసుపు, నీలం, ఒక గోధుమ రంగుతో మూడు నెలలు గడపండి. ఒక చోట రెండు రంగులకి మించి కలపకండి, మూడోది పడిందంటే బురదే.

మట్టి చవక, చెరువు మట్టి అయితే ఊరికే దొరుకుతుంది. మంచి మట్టో కాదో చూడాలంటే చిటికెనవేలంత లావు తాడు పేని వేలి చుట్టూ చుట్టండి. పగుళ్లు రాకుండా వంగితే పనికొస్తుంది. అసలు ఖర్చు కాల్చడంలోనూ సారెలోనూ ఉంది. కరెంటు సారె ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటుంది. మొదటి ఏడాది కొనొద్దు. మొదటి ఏడాది కొనొద్దని రెండుసార్లు చెప్పినట్టు అనుకోండి. నాకు తెలిసిన ఇళ్లలో రెండు సారెలు మంచం కింద ఉన్నాయి.

కాల్చడానికి సొంత కొలిమి అక్కర్లేదు. ఆవం (కుండలు కాల్చే బట్టీ) పెట్టే కుమ్మరితో మాట్లాడుకుంటే ఆయన కుండల మధ్య మన నాలుగు గిన్నెలు సర్దుతారు. అందుకు డబ్బు ఇవ్వాలి, స్నేహం మీద లాగించకూడదు. కట్టెలు, పిడకలు, గడ్డి అన్నీ ఆయన కొనుక్కునేవే. వినాయక చవితి నుంచి దీపావళి, కార్తీకం దాకా ఆయన్ని కదపొద్దు. ప్రమిదల మీద ఏడాది సంపాదన చేసుకునే రోజులవి. బజారులో ఆరబెట్టుకునే మట్టి అని ప్యాకెట్లు దొరుకుతాయి, కాల్చే పని ఉండదు. బొమ్మలకి బాగుంటుంది, నీళ్లు పోయడానికి పనికిరాదు.

ఎక్కడ నేర్చుకోవాలి

ఈ విషయంలో సరిహద్దులో ఉన్న మనం అదృష్టవంతులం. పెద్ద నగరాల వాళ్లు డబ్బు పోసి వెతుక్కునేవి మనకు బస్సు దూరంలో ఉన్నాయి.

గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో సవరలనే గిరిజనులున్నారు. లాంజియా సవరల ఇళ్ల గోడల మీద ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి తెలుపుతో వేసే చిత్రాన్ని ఇడితాల్ అంటారు. మనుషులు, ఏనుగులు, నెమళ్లు, చెట్లు, సూర్యచంద్రులు. వెదురు పుల్ల చివర నలగ్గొట్టి కుంచెలా వాడతారు. ఆ కళకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. గీతల్లోనే మనిషి వచ్చేస్తాడు కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది చూడగానే సులువనిపిస్తుంది, చెయ్యి సాఫు కావడానికి చాలా మంచిది కూడా. కానీ ఇడితాల్ వాళ్లకి గోడ మీద అలంకారం కాదు. పితరుల కోసం, దేవతల కోసం వేసేది. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ గౌరవం మనమూ చూపాలి. వేస్తున్నది ఎవరిదో చెప్పి వేయాలి, సవర చిత్రకారుల దగ్గర ఒక బొమ్మ అయినా కొనాలి, నేర్చుకుంటే వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

పట్టచిత్రం ఇంకో దారి. పూరీ జిల్లా రఘురాజపురం పేరు మీరు వినే ఉంటారు. బట్టని చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, రాయితో నున్నగా రుద్ది, దాని మీద వేస్తారు. శంఖం నుంచి తెలుపు, దీపం మసి నుంచి నలుపు. గంజాం వైపు వెళ్తే బుగుడలో బిరంచినారాయణ గుడి గోడల మీద రామాయణ చిత్రాలున్నాయి, ఒక పూట పెట్టుకుని వెళ్లి చూడండి. పట్టచిత్రం ఓపికతో కూడిన పని. ముందు అంచు వేస్తారు, తర్వాతే లోపలి బొమ్మ. ముగ్గులు నిక్కచ్చిగా పెట్టే ఆడవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కళ్లు బాగుండాలి, చెయ్యి వణక్కూడదు. ఈ రెండూ లేకపోతే నీటి రంగులతో నదినీ చెట్లనీ వేసుకోవడమే హాయి.

మట్టికి గురువు మన కుమ్మరి వీధిలోనో, ఒడియా వాళ్ల కుంభార సాహిలోనో ఉంటారు. నాకు నేర్పిన పెద్దాయన తెలుగాయనే. డెబ్బై దాటాయి. మొదటి రోజు నేను చపాతీ పిండి కలిపినట్టు మట్టి మీద బలమంతా చూపిస్తుంటే కాసేపు చూసి, "ఏటి టీచరమ్మా, మట్టి మీద అంత కోపమేటి? పట్టుకోండి సాలు" అన్నారు. అలాంటి గురువు దొరకడం ఎంపికలో సగం పని. అయితే ఒక ఇబ్బంది ఉంది. వాళ్లు మాటలతో నేర్పరు. చేసి చూపిస్తారు, అంతే. "ఎందుకు పగిలింది" అని అడిగితే "తడి" అంటారు. ఆ ఒక్క మాట అర్థం కావడానికి నాకు నాలుగు గిన్నెలు పట్టింది. వరసగా నాలుగింటికీ అడుగున పగుళ్లు. గోడలు పైనుంచి ఆరిపోతున్నాయి, అడుగు చెక్క పలకకి అంటుకుని లోపల తడిగా ఉండిపోతోంది. ఆరిన చోట మట్టి ముడుచుకుంటుంది, తడి ఉన్న చోట ముడుచుకోదు, ఆ గుంజులాటలో అడుగు చీలుతోంది. ఐదో గిన్నెకి చేసేటప్పుడే అడుగుని వేలితో బాగా నొక్కి గట్టిపరిచాను, మర్నాడు పొద్దున్న బోర్లించి ఆరబెట్టాను. అది ఇప్పటికీ మా పూజ గదిలో అక్షింతల గిన్నె.

నగరాల్లో ఇప్పుడు రెండు గంటల మట్టి క్లాసులు వచ్చాయి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒకదానికి డబ్బు కట్టి వెళ్లాను. పది మందికి ఒక సారె. నా వంతు వచ్చేసరికి పావుగంట మిగిలింది. నేర్పే అబ్బాయి నా చేతుల మీద తన చేతులు వేసి ఒక కుండ తీసి, "చూశారా ఆంటీ, మీరే చేశారు" అన్నాడు. నేను చేయలేదు. ఫోటో బాగా వచ్చింది గానీ నా వేళ్లకి ఏమీ తెలియలేదు. అలాంటి చోట చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి. మట్టి నా చేతిలో ఎంతసేపు ఉంటుంది? నేను చేసింది వంకరగా ఉన్నా కాల్చి ఇస్తారా?

తుఫాను కాలం

ఇది మన ప్రాంతానికి తప్పనిసరిగా ఆలోచించవలసిన విషయం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఏమైందో చూశాం. మామూలు వానాకాలంలో కూడా కాగితాలకి బూజు పట్టి గోధుమ రంగు చుక్కలు వస్తాయి. బొమ్మల్ని ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు, లోపల చెమ్మ చేరుతుంది. రెండు అట్టల మధ్య పెట్టి ఎత్తైన అరలో ఉంచండి. వానల్లో పచ్చి మట్టి ఆరదు, ఆవం పెట్టరు. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మట్టి పనిని నిదానం చేసుకుని ఆ నెలల్లో బొమ్మలు వేసుకోవడం నాకు అలవాటైంది. కాల్చిన మట్టి మాత్రం వానకీ వరదకీ భయపడదు. కింద పడితేనే పోతుంది. కుమ్మరికి ఒక యేడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అని ఊరికే అనలేదు. ఏడాది పాటు దాచుకున్న కుండ మా మనవడి బంతి దెబ్బకి పోయింది. పగిలిపోతే తట్టుకోలేని మనసు మీదైతే, ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

చేసినవి వాడుకోవడం గురించి ఒక జాగ్రత్త. యాక్రిలిక్ రంగులు వేసిన కుండలో నీళ్లు తాగొద్దు, అలంకారానికే. ఎక్కడ చేశారో తెలియని మెరుపు పూత గిన్నెల్లో చింతపండు పులుసు, పెరుగు పెట్టొద్దు. కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని బయటికి లాగుతుంది. పూత లేని ఎర్రమట్టి కుండ కొద్దిగా చెమరుస్తుంది, అందుకే నీళ్లు చల్లగా ఉంటాయి. దానికి ఏ భయమూ లేదు.

ముగ్గురికీ ఏం చెప్పాను

హెడ్మాస్టారి సంగతి చెప్పాను కదా. తమ్ముడికి రంగులు చెప్పాను. వాడు నాలుగు నెలలు హైదరాబాదులో కొడుకు దగ్గర, నాలుగు నెలలు భువనేశ్వర్‌లో కూతురు దగ్గర ఉంటాడు. చిన్న రంగుల పెట్టె, పోస్టుకార్డంత కాగితాలు చొక్కాల మధ్య సర్దుకుంటే సరిపోతుంది. ఇప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని బొమ్మలేస్తున్నాడు. ఎదుటి సీటువాళ్లు మాట కలుపుతున్నారట.

ఆడపడుచు విషయంలో చాలా ఆలోచించాను. ఆవిడ బొమ్మలు బాగా వేస్తుంది, చిన్నప్పుడు పెళ్లిళ్లకి పీటల మీద ముగ్గులు తనే వేసేది. ఎవరైనా రంగులే చెప్తారు. కానీ మా అన్నయ్యగారు పోయాక ఆవిడ బరంపురంలో ఒక్కతే ఉంటోంది. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటుంది. బొమ్మలు వేయమంటే ఆ ఇంట్లోనే, ఆ గదిలోనే, ఆ టెన్షన్‌తోనే ఇంకో నాలుగు గంటలు ఒంటరిగా కూర్చుంటుంది. మట్టి అయితే ఇంట్లోంచి కదలాలి, కుమ్మరి ఇంటికి వెళ్లాలి, అక్కడి ఆడవాళ్లతో మాట్లాడాలి. రెండు చేతులూ మట్టిలో ఉంటే ఫోన్ ముట్టుకోవడం కుదరదు. మొదట కోపం తెచ్చుకుంది. "నాకు వచ్చిన పని వదిలేసి రాని పని చెప్తావేంటి వదినా" అంది. రెండో నెలలో కుమ్మరి ఇంటి కోడలికి ప్రమిదల అంచు మీద చుక్కల ముగ్గు వేయడం తను నేర్పింది. ఆవిడ ఈవిడకి గిన్నె బోర్లించడం నేర్పింది. ఇప్పుడు రాత్రి పదింటికే నిద్ర వస్తోందని చెప్పింది.

ఎటూ తేల్చుకోలేకపోతే అదే మధ్య దారి. బజారులో కాల్చిన ప్రమిదలు ఒక డజను కొని వాటి మీద యాక్రిలిక్‌తో అంచు చుక్కలు వేసి చూడండి. దీపం వెలిగించేవైతే రంగు బయటి గోడకే వేయండి, వత్తి ఉండే చోట వద్దు. వేలికి మట్టి గరుకు నచ్చిందా, బ్రష్ నచ్చిందా అన్నది డజను పూర్తయ్యేలోపే తెలుస్తుంది. తర్వాత పదిహేను రోజులు రంగులు, పదిహేను రోజులు మట్టి. ఏ పదిహేను రోజుల్లో భోజనం వేళ దాటిపోయిందో క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకోండి.

మట్టి వైపు మొగ్గితే కార్తీక పౌర్ణమి దాటాక ఒక పొద్దున్న కుమ్మరి ఇంటికి వెళ్లండి. చేసిన గిన్నె పట్టుకెళ్లేముందు చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఆవంలో ఆ తడి ఆవిరై గిన్నెను పేల్చేస్తుంది, పక్క కుండల్నీ పాడుచేస్తుంది. నేను మొదటిసారి తీసుకెళ్లిన గిన్నెను ఆ పెద్దాయన చెంపకి ఆనించుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఉండి, తిరిగి నా చేతిలో పెట్టారు. "ఇంకా సల్లగుంది టీచరమ్మా. ఎల్లుండి పట్రండి."